వాయిదా పడిన అద్దె: ఆపద్ధర్మంలో ఇంటి యజమాని భారం

2020 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఇంటి అద్దెల విషయంలో ఒక నిర్ణయం ప్రకటించింది. మార్చి, ఏప్రిల్, మే నెలల అద్దెను యజమానులు అప్పటికి వసూలు చేయరాదనీ, ఆ మొత్తాన్ని తరువాత వడ్డీ లేకుండా వాయిదాలలో తీసుకోవాలనీ దాని సారాంశం. అంతకు ముందే, మార్చి 29న, కేంద్ర హోంశాఖ మరొక ఆజ్ఞ వెలువరించింది. వలస వచ్చినవారితో సహా అద్దె ఇళ్లలో ఉన్న శ్రామికుల నుండి ఒక నెల అద్దె అడగరాదనీ, శ్రామికులనూ విద్యార్థులనూ బలవంతంగా ఖాళీ చేయించేవారిపై విపత్తు నిర్వహణ చట్టం కింద చర్య ఉంటుందనీ అది హెచ్చరించింది. లాక్‌డౌన్ నాటి ఈ రెండు ఆజ్ఞల ఆవశ్యకతను గురించి పెద్ద వివాదం లేదు. ఇంట్లోనే ఉండమని ప్రభుత్వం ఆదేశించిన రోజుల్లో ఒక మనిషిని ఇంటి నుండి పంపివేయడం ఆ ఆదేశాన్నే అర్థరహితం చేస్తుంది. పనిలేని కూలీని మండుటెండలో రహదారి మీదికి నెట్టడం అమానుషమని చెప్పడానికి తర్కశాస్త్రం అవసరం లేదు.

పరిశీలించవలసినది వేరే ఉంది. అద్దెదారును నిలబెట్టడానికి అయిన ఖర్చును ఎవరు భరించారు? ఎవరు భరించి ఉండవలసింది? దయ చూపించమని ఆజ్ఞాపించినది ప్రభుత్వం. ఆ దయకు పెట్టుబడి పెట్టినది ఇంటి యజమాని. ఈ రెండు పాత్రలూ ఒకరివి కానప్పుడు ఆ దయ ఎవరి ఖాతాలో పడుతుందన్నదే ఈ వ్యాసంలోని విచారణాంశం.

అద్దె వ్యవహారానికి సంబంధించిన తెలుగు పదజాలం ఈ విచారణకు మంచి ఆధారం. తెలంగాణలో అద్దెకు వ్యవహారంలో ఉన్న 'కిరాయి' అరబ్బీ మూలం నుండి ఉర్దూ ద్వారా వచ్చింది. 'బాకీ' అంటే మిగిలినది. 'వసూలు' అంటే వచ్చి చేరడం. 'మాఫీ' అంటే క్షమాపణ. భూమి విషయంలో వాడే 'కౌలు' మూలార్థం పలికిన మాట. కచేరీల ద్వారా తెలుగులో స్థిరపడిన ఇటువంటి అన్యదేశ్యాలకు సి.పి.బ్రౌన్ 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే కూర్చాడు. వీటన్నిటిలో ఇక్కడ కీలకమైనది 'వాయిదా'. మూలభాషలో దాని అర్థం వాగ్దానం, మాట ఇవ్వడం. తెలుగులో అది రెండు దారులు పట్టింది: గడువును ముందుకు జరపడం ఒకటి, జరిపిన మొత్తాన్ని విడతలుగా చెల్లించడం రెండవది. 2020 నాటి ప్రకటనలో ఈ రెండర్థాలూ ఉన్నాయి. వెనుక ఉన్న మొదటి అర్థం మాత్రం మరుగున పడింది. గడువు జరిగినప్పుడల్లా ఎవరో ఒకరు ఎవరికో మాట ఇస్తున్నారు. మూడు నెలల తర్వాత అద్దె వస్తుందని యజమానికి ఎవరు మాట ఇచ్చినట్లు? అద్దెదారు ఇవ్వలేదు, అతని సమ్మతితో నిమిత్తం లేకుండానే గడువు జరిగింది. ప్రభుత్వమూ ఇవ్వలేదు, బాకీ రాకపోతే తాను చెల్లిస్తానని అది ఎక్కడా అనలేదు. మాట ఇచ్చినవాడు లేని వాయిదా ఇది.

వాయిదా వేరు, మాఫీ వేరు. ఈ భేదాన్ని ఆనాడు చాలామంది గమనించలేదు. అద్దె అడగవద్దన్న మాటను అద్దె లేదన్న మాటగా విన్నవారున్నారు. ఉత్తర్వు యజమాని నుండి కోరినది దానం కాదు, ఓర్పు మాత్రమే. కానీ ఓర్పుకు కూడా ధర ఉంటుంది. ఆ ధర అందరికీ ఒకటి కాదు.

అద్దెదారుకూ యజమానికీ మధ్య రాజ్యం జోక్యం చేసుకోవడం మన సంప్రదాయంలో కొత్త విషయం కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం ధర్మస్థీయాధికరణంలో ఇల్లు విడిచిపొమ్మన్నా విడవని అద్దెదారుకు 12 పణాల దండన ఉంది. అద్దె చెల్లించినవాడిని వెళ్లగొట్టే యజమానికీ అదే 12 పణాల దండన ఉంది. దూషణ, దొంగతనం వంటి నేరాలకు పాల్పడిన అద్దెదారుకు ఈ రక్షణ లేదు. తనంత తాను విడిచిపోయేవాడు ఆ ఏటి అద్దెలో మిగిలినది చెల్లించాలి. ఇరుపక్షాలకూ ఒకే దండన విధించడం గమనార్హం. ఇంటి మీద యజమానికి ఉన్న హక్కునూ ఇంట్లో అద్దెదారుకు ఉన్న నిలకడనూ ఒకే తూనికలో ఉంచిన శాస్త్రమిది. కానీ ఆ నిలకడకు అద్దె చెల్లింపే ఆధారం. చెల్లించలేని కాలం వస్తే ఏమిటన్నది ఆ ప్రకరణంలో లేదు. అది మరొకచోట, కంటకశోధనంలో, దుర్భిక్షం గురించి చెప్పే సందర్భంలో పరోక్షంగా కనిపిస్తుంది. అక్కడ రాజు చేయవలసినవాటిలో మొదటిది విత్తనాలూ తిండీ సమకూర్చి ప్రజలను ఆదుకోవడం. తిండి పెట్టి కోటల, ఆనకట్టల పనులు చేయించడం ఆ తర్వాతిది. ఉన్న ఆహారాన్ని పంచడం, మిత్రరాజులను ఆశ్రయించడం వంటివి ఆపైన వస్తాయి. షామశాస్త్రి అనువాదాన్ని అనుసరిస్తే ధనికుల కూడబెట్టిన సంపదను కక్కించడం వీటి తర్వాతనే వస్తుంది. ఆ పదాలకు వేరే అర్థం చెప్పినవారూ ఉన్నారు. అర్థభేదం ఎలా ఉన్నా క్రమం స్పష్టం. ఆపత్కాలంలో మొదట తెరుచుకోవలసినది రాజు కొట్టు. ఇతరుల కొట్టు తెరిపించే మాట ఆ తరువాతిది.

ఇంతకంటె లోతైన సాక్ష్యం మహాభారతం శాంతిపర్వంలోని ఆపద్ధర్మపర్వంలో ఉంది. పన్నెండేళ్ల అనావృష్టిలో విశ్వామిత్రుడు ఆకలికి తాళలేక రాత్రివేళ ఒక చండాలుని గుడిసెలో కుక్క మాంసం దొంగిలించబోవడం, చండాలుడు మేల్కొనడం, ఇద్దరి మధ్య దీర్ఘమైన వాదం నడవడం పండితులకు సుపరిచితం. ప్రాణం నిలుపుకొన్న తర్వాతనే ధర్మాచరణ సాధ్యమన్న విశ్వామిత్రుని వాదాన్ని ఆపద్ధర్మానికి ప్రమాణంగా ఎత్తి చూపడం పరిపాటి. అయితే ఆ సంవాదాన్ని చండాలుని వైపు నుండి చదివినవారు తక్కువ. అతడు చెప్పే అభ్యంతరాలన్నీ దాదాపుగా విశ్వామిత్రుని శౌచానికి సంబంధించినవే: ఇది తినదగనిది, ఇది నీకు తగనిది, నీ తపస్సు చెడుతుంది. తన అన్నాన్ని తీసుకుపోతుంటే చూస్తూ ఊరకుండలేనన్న భావం ఒక్కచోట తొంగి చూస్తుంది. ఆ మాటకు విశ్వామిత్రుడు సమాధానం చెప్పడు. పన్నెండేళ్ల కరవు ఆ గుడిసెనూ వదలి ఉండదు గదా! ఆ మాంసం పోతే మర్నాడు ఆ ఇంట ఏమి తింటారన్న ప్రశ్న కథకునికి తట్టలేదు. ఆపన్నునికి మినహాయింపు ఇవ్వడంలో ఎంతో సూక్ష్మంగా ఆలోచించిన శాస్త్రం, ఆ మినహాయింపు ఎవరి గుడిసెలోంచి వస్తున్నదో చూడలేదు.

అద్దె వసూలును నిలిపివేసిన ఉత్తర్వులోనూ ఈ లోపమే ఉంది. ఇంటి యజమానిని చండాలునితో పోల్చడం వింతగా తోచవచ్చు. తెలుగు కథలో ఇంటి యజమాని నీళ్లు కట్టేవాడు, చుట్టాలు వస్తే లెక్కపెట్టేవాడు, మేకు కొడితే గోడ పాడైందనేవాడు. ఆ చిత్రణలో నిజం లేకపోలేదు. కానీ హైదరాబాదులో, విజయవాడలో, విశాఖపట్నంలో అద్దెకిచ్చేవారందరూ భవంతుల అధిపతులు కారు. ఉద్యోగ విరమణ డబ్బుతో మేడమీద రెండు గదులు వేసి ఆ పోర్షనుకు టూ-లెట్ బోర్డు కట్టినవారు, భర్త పోయాక కింది భాగం అద్దెతో మందులు కొనుక్కునే స్త్రీలు, ఊళ్లో పొలం అమ్మి నగర శివార్లలో వరుసగా రేకుల గదులు వేయించినవారు ఈ వర్గంలోనే ఉన్నారు. అద్దెదారు నెలజీతం తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, యజమాని పింఛను లేని వృద్ధుడు అయిన ఇళ్లు అరుదు కాదు. ఒకే గేటులోంచి రాకపోకలు సాగిస్తూ 'బాబాయిగారూ', 'పిన్నిగారూ' అని పిలుచుకునే మనుషుల మధ్య ఉత్తర్వు రెండు వర్గాలను గుర్తించింది: వేచి ఉండగలవాడు, చెల్లించలేనివాడు. అద్దె తీసుకునేవాడు మొదటివాడనీ ఇచ్చేవాడు రెండవవాడనీ అది ముందే తీర్మానించింది.

మీమాంసకుల పరిభాష ఇక్కడ ఉపకరిస్తుంది. కర్మలు నిత్య, నైమిత్తిక, కామ్యాలని మూడు విధాలు. గ్రహణ స్నానం వలె ఒక నిమిత్తం ఏర్పడినప్పుడు విధిగా చేయవలసినది నైమిత్తికం. ఫలాపేక్షతో తనంతట పూనుకునేది కామ్యం. మహమ్మారి కాలంలో అద్దె కోసం వేచి ఉండడం యజమానికి నైమిత్తిక ధర్మం అనవచ్చు. నిమిత్తం ఉన్నంతకాలం అది విధి. దాన్ని దయ అని పిలుచుకోవడానికి వీల్లేదు. బాకీని మాఫీ చేయడం మాత్రం అతని ఇచ్ఛకు చెందినది. ఈ పోలిక ఇంతటితో ఆగితే ఉత్తర్వు సమర్థనీయమే. కానీ మీమాంస మరొక మాట కూడా అంటుంది: విధి అధికారి మీదనే వర్తిస్తుంది, అధికారానికి సామర్థ్యం ఒక అంగం. నిత్య నైమిత్తికాలను యథాశక్తిగా చేయవచ్చునన్న న్యాయమూ అక్కడిదే. శక్తికి మించిన ఓర్పు విధి కాజాలదు. మూడు నెలలు వేచి ఉండగల శక్తి యజమానికి ఉన్నదా లేదా అని అడగకుండా విధించిన ఆజ్ఞ, అధికారిని నిర్ణయించకుండా కర్మను విధించినట్లయింది.

ఈ అసమానత వడ్డీ విషయంలో మరీ స్పష్టంగా బయటపడుతుంది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు టర్మ్ రుణాల కిస్తీలపై మూడు నెలల మారటోరియం ప్రకటించి, తర్వాత ఆగస్టు 31 వరకు పొడిగించింది. కిస్తీ వాయిదా పడింది గాని వడ్డీ నడుస్తూనే ఉంది. సుప్రీంకోర్టులో వివాదం నడిచిన మీదట 2 కోట్ల రూపాయల లోపు రుణాలకు చక్రవడ్డీకీ బారువడ్డీకీ మధ్య వ్యత్యాసాన్ని కేంద్ర ప్రభుత్వం భరించింది. మారటోరియం కాలానికి ఎవరి మీదా వడ్డీపై వడ్డీ వేయరాదని 2021 మార్చి 23న న్యాయస్థానం తీర్పు చెప్పింది. బారువడ్డీని ఎవరూ రద్దు చేయలేదు. డిపాజిటుదారులకు బ్యాంకులు వడ్డీ చెల్లించవలసి ఉందన్నది కారణం. ఇప్పుడు గృహరుణం తీసుకుని మేడ కట్టిన యజమాని స్థితి చూడాలి. అతనికి రావలసిన అద్దె వాయిదా పడింది, వడ్డీ లేదు. అతడు కట్టవలసిన కిస్తీ వాయిదా పడింది, వడ్డీ ఉంది. బ్యాంకు ఓర్పుకు ధర ఉన్నదని ఒప్పుకున్న వ్యవస్థ, మేడమీది రెండు గదుల యజమాని ఓర్పుకు ధర లేదన్నది. ఉత్తర్వు అతన్ని తన ప్రమేయం లేకుండానే రుణదాతను చేసింది. తాను ఎంచుకోని వ్యక్తికి, తాను నిర్ణయించని గడువుకు, వడ్డీ లేకుండా, పూచీ లేకుండా అప్పు ఇచ్చినవాడతడు.

ఇతర దేశాల అనుభవం ఈ విషయంలో బోధపరిచేది ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం వాషింగ్టన్ నగరంలో ఇళ్ల కొరత ఏర్పడినప్పుడు గడువు తీరిన అద్దెదారులు కూడా ఇంట్లో కొనసాగవచ్చునన్న చట్టాన్ని 1921లో అమెరికా సుప్రీంకోర్టు ఒక్క వోటు ఆధిక్యంతో సమర్థించింది. జస్టిస్ హోమ్స్ రాసిన ఆ తీర్పు సమర్థించిన చట్టంలో అద్దెదారు అద్దె చెల్లిస్తూ ఉండాలన్నది షరతు. ఆర్థిక మాంద్యంలో మిన్నెసోటా రాష్ట్రం తాకట్టు ఇళ్ల జప్తును వాయిదా వేసినప్పుడు, 1934లో అదే న్యాయస్థానం మళ్లీ ఒక్క వోటు తేడాతో ఆమోదించింది. అక్కడ కూడా ఇంట్లో ఉంటున్న రుణగ్రస్తుడు ఆ ఇంటికి తగిన అద్దె విలువను చెల్లిస్తూ ఉండాలి. ఈ రెంటిలోనూ బలవంతపు వాయిదా ఉంది. భారమంతా ఒకే పక్షం మీద పడలేదు.

2020 సెప్టెంబరు 4 నుండి అమలైన సీడీసీ నిషేధం స్వభావం వేరు. ఆదాయం పరిమితికి లోబడిన అద్దెదారు, తాను యథాశక్తి పాక్షికంగానైనా చెల్లించడానికి యత్నిస్తున్నానని ప్రమాణ పత్రం ఇస్తే, అద్దె బాకీ కారణంగా ఖాళీ చేయించరాదు. అద్దె మాత్రం బాకీగా పెరుగుతూనే ఉంటుంది. ఈ భారం యజమానులది మాత్రమే కారాదని ఆ దేశపు చట్టసభ ఆలస్యంగానైనా గుర్తించి, రెండు విడతలుగా సుమారు 4,650 కోట్ల డాలర్లు అద్దె సహాయానికి కేటాయించింది. సూత్రం సరైనదే, ఆచరణ కుంటింది. 2021 జులై చివరికి అందులో సుమారు 11 శాతమే ఖర్చయింది. దరఖాస్తులు, పత్రాలు, స్థానిక సంస్థల జాప్యం దారిలో నిలిచాయి. ఆగస్టు 26న సుప్రీంకోర్టు నిషేధాన్ని నిలిపివేసే నాటికి చాలా ఇళ్లలో బాకీ ఉంది, సహాయం రాలేదు. నిషేధం ముగియగానే వాయిదా పడినది అద్దె మాత్రమే కాదనీ, ఖాళీ చేయించడం కూడా వాయిదా మాత్రమే పడిందనీ తేలింది. బాకీ తీర్చే మార్గం చూపని వాయిదా అద్దెదారుకు కూడా ఆట్టే మేలు చేయదు. పనికి మళ్లీ వెళ్లిన కూలీ ఆ నెల అద్దెతో పాటు పోయిన మూడు నెలల అద్దెలో భాగాన్నీ ఇవ్వాలి. జీతం పెరగలేదు. నెలకు చెల్లించవలసినది పెరిగింది.

ఢిల్లీ కథ దీనికి తారుమారు. 2020 మార్చి 29న అక్కడి ముఖ్యమంత్రి పేద అద్దెదారులు అద్దె కట్టలేకపోతే ప్రభుత్వమే చెల్లిస్తుందని విలేకరుల సమావేశంలో ప్రకటించారు. రాజు కొట్టు తెరుస్తానన్న మాట ఇది. భారాన్ని మోయవలసినది ప్రజలందరి ఖజానా అన్న న్యాయాన్ని ఒప్పుకున్న మాట. ఆ మాట అమలు కాకపోవడంతో కొందరు అద్దెదారులూ ఒక యజమానీ హైకోర్టుకు వెళ్లారు. ముఖ్యమంత్రి బహిరంగంగా ఇచ్చిన హామీ అమలు చేయదగినదేనని 2021 జులై 22న ఏకసభ్య ధర్మాసనం తీర్పునిచ్చింది. సెప్టెంబరు 27న ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పు అమలును నిలిపివేసింది. తెలంగాణలో వాయిదా ఉంది, మాట లేదు. ఢిల్లీలో మాట ఉంది, అది వాయిదా పడింది. ఆ వ్యాజ్యంలో అద్దెదారులూ యజమానీ ఒకే పక్షాన నిలబడడం మాత్రం విస్మరింపదగినది కాదు. ఖర్చు ఎవరిదన్న ప్రశ్న సరైన చిరునామాకు చేరినప్పుడు వారిద్దరి మధ్య వైరానికి కారణం తగ్గుతుంది.

అద్దెదారు నైతికతను గురించి కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన కట్టడాల అద్దె నియంత్రణ చట్టం బాకీని రెండు రకాలుగా చూసింది. బుద్ధిపూర్వకమైన ఎగవేత ఒకటి, కానిది ఒకటి. బుద్ధిపూర్వకం కాదని రెంట్ కంట్రోలర్ నమ్మితే 15 రోజులకు మించని గడువు ఇవ్వవచ్చు. గడువు అతి స్వల్పం. కానీ విచక్షణ ఉంది. చెల్లించలేకపోవడానికీ చెల్లించకపోవడానికీ మధ్య గీత గీసింది. తెలంగాణ ప్రకటనలో గడువు విశాలం, ఆ గీత లేదు. జీతం యథాప్రకారం అందుతున్నవాడు కూడా అద్దె ఆపివేయడానికి అవకాశం ఏర్పడింది. ఆపత్కాలంలో ఇచ్చిన మినహాయింపును ఆపద లేనివాడు వాడుకుంటే నష్టపోయేది యజమాని ఒక్కడే కాదు. మరుసటిసారి నిజంగా ఆపదలో ఉన్నవాడి మాట నమ్మేవారుండరు. అద్దెకు వచ్చేవారిని ఉద్యోగం, కులం, ఊరు అడిగి వడపోసే అలవాటు ఇప్పటికే ఉన్న సమాజంలో ఆ అపనమ్మకం మొదట తాకేది రోజుకూలీనే. ఖాన్ మార్కెట్ దుకాణం కేసులో ఢిల్లీ హైకోర్టు 2020 మే 21న చెప్పినది కూడా ఈ దిశలోనిదే. స్థలాన్ని తన అధీనంలో ఉంచుకున్నంతకాలం లాక్‌డౌన్ పేరుతో అద్దె నిలిపివేయడం కుదరదని చెబుతూ, చెల్లింపు గడువులో కొంత సడలింపు మాత్రం ఇచ్చింది.

ఇక యజమాని చేతిలో ఏమి మిగిలింది? ఉత్తర్వు అతని నుండి ఓర్పును తీసుకుంది గాని మాఫీని తీసుకోలేదు. నిర్బంధం వల్ల దాతృత్వం నశిస్తుందన్న వాదం ఇక్కడ నిలవదు. ఔదార్యానికి చోటు ఉత్తర్వు ఆగినచోట మొదలవుతుంది. నీళ్లు, కరెంటు ఆపి, తాళం మార్చి చట్టం కళ్లు గప్పిన యజమాని ఆ చోటును ఒక విధంగా వాడుకున్నాడు. ఒక నెల వదిలేసి, రెండు నెలలు తీసుకుని, ఆ సంగతి వీధిలో చెప్పకుండా ఊరుకున్న యజమాని మరొక విధంగా వాడుకున్నాడు. మధ్యలో ఇంకొక పద్ధతి ఉంది. నిశ్శబ్దంగా చాలా ఇళ్లలో నడిచినది బహుశా ఇదే: అడ్వాన్సులోంచి బాకీని మినహాయించుకోవడం. దీన్ని ఔదార్యంగా చెప్పుకోవడం ఉంది గాని అది అద్దెదారు సొమ్మే. ఇల్లు మారేటప్పుడు కొత్త ఇంటి అడ్వాన్సుకు అతని దగ్గర ఉన్న ఏకైక ఆధారం అది. అద్దెదారు అడిగి మినహాయింపజేసుకుంటే అది ఒప్పందం. అడగకుండా యజమానే మినహాయించుకుంటే అది వసూలు. అయినా దాన్ని సులభంగా నిందించడానికి వీల్లేదు. బ్యాంకు కిస్తీ ఎదుట ఉన్న వృద్ధునికి ఆ అడ్వాన్సు తప్ప అందుబాటులో మరొకటి లేకపోవచ్చు. అద్దె పుస్తకంలో ఆ మూడు నెలల ఎదుట అతడు రాసుకున్నది 'అడ్వాన్సులో సరి' అనా, 'వదిలాను' అనా, 'బాకీ' అనా అన్నదాన్ని బట్టి అతని నైతిక స్థితి మారుతుంది. మూడింటిలో ఏది రాయడానికి అతనికి శక్తి ఉన్నదో విచారించవలసిన బాధ్యత మాత్రం అతనికి ఆజ్ఞ ఇచ్చినవారిది.